ప్రొజెక్టర్ బిగించే ముందు గోడకి పేపర్లు అంటించండి

కొత్త ప్రొజెక్టర్ ఇంటికి రాగానే చేతులు ఊరుకోవు, వెంటనే డ్రిల్లు తెప్పించి శ్లాబుకి కన్నాలు పెట్టించేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. అమలాపురం దగ్గర మా ఇంట్లో నేను అలాగే చేశాను. క్లాంపు బిగించి, వైరు లాగి, అంతా అయ్యాక బొమ్మ వేస్తే తెర పైభాగంలో ఫ్యాను రెక్కల నీడ గిర్రున తిరుగుతోంది! ఆ కన్నాలు పూడ్చి, మళ్లీ రంగు వేయించాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నా, ముందు కూర్చునే చోటు, తర్వాత తెర, ఆఖర్న ప్రొజెక్టర్. ఈ వరస తప్పకండి.

మొదట గోడ. మన డెల్టాలో తవ్వితే నీళ్లు పైపైనే తగులుతాయి కదా, చాలా ఇళ్లలో పునాది నుంచి నెమ్ము ఎక్కి గోడ కింది భాగం ఉబ్బి పెచ్చులు ఊడుతుంది, వాన జల్లు కొట్టే బయటి గోడలైతే మరీనూ. రెండు గదుల మధ్య గోడ ఉంటే అదే ఎంచుకోండి. అరచేయి ఆనిస్తే తడిగా తగిలినా, గోరుతో గీస్తే పొడి రాలినా ఆ గోడ వద్దు. కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న గోడా వద్దు, వెలుగంతా వచ్చి తెర మీదే పడి నలుపు కాస్తా బూడిద రంగైపోతుంది. కిటికీ పక్కకి ఉంటే మందపాటి కర్టెన్ చాలు.

తర్వాత సైజు. సోఫా నుంచి తెర దాకా ఎంత దూరం ఉందో టేపు పట్టి కొలవండి. తెర మూల నుంచి మూలకి ఉండే కొలతకి 1.2 నుంచి 1.5 రెట్లు దూరంలో కూర్చుంటే హాయిగా ఉంటుంది, అంటే 100 అంగుళాల తెరకి 10 నుంచి పన్నెండున్నర అడుగులన్నమాట. 16:9 లో, అంటే వెడల్పు 16 పాళ్లకి ఎత్తు 9 పాళ్లు ఉండే ఆకారంలో, ఆ తెర వెడల్పు 87 అంగుళాలు, ఎత్తు 49. ఇప్పుడు ఆ కొలతకి పాత న్యూస్ పేపర్లు గోడకి అంటించి, రెండు రోజులు సాయంత్రం పూట మామూలుగా అక్కడే కూర్చోండి. మెడ పైకెత్తాల్సి వస్తోందా, తలుపు అడ్డం వస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. సంక్రాంతికి చుట్టాలొస్తే సగం మంది చాపలేసుకుని కిందే కూర్చుంటారు, వెనక సోఫాలో ఉన్నవాళ్లకి వాళ్ల తలలు అడ్డం రాకూడదంటే తెర కింది అంచు నేల నుంచి రెండున్నర అడుగులైనా పైన ఉండాలి.

తెర విషయానికొస్తే, చీకటి చేసుకోగలిగిన గదికి గెయిన్ (తెర వెలుగుని ఎదురుగా ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె) 1.0 ఉన్న మ్యాట్ వైట్, అంటే మెరుపు లేని తెల్ల తెర మించింది లేదని నా గట్టి నమ్మకం. గెయిన్ ఎక్కువున్నవి ఎదురుగా మెరుస్తాయి, పక్కన చాప మీద కూర్చున్న పిల్లలకి మసకబారతాయి. పగటిపూట చూడాలంటే వెలుతురు తట్టుకునే ఏఎల్ఆర్ తెరలున్నాయి, కాకపోతే గోడ పక్కనే పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ కోసం చేసినవి పై నుంచి వచ్చే వెలుగుని తోసేస్తాయి, శ్లాబుకి వేలాడే ప్రొజెక్టర్‌కి అవి పనికిరావు. చుట్టుకునే తెర కొంటే వానాకాలంలో వారానికోసారి దించి ఫ్యాను గాలికి ఆరనివ్వండి, లేకపోతే చెమ్మకి బూజు పట్టే ప్రమాదం ఉంది. డబ్బులు తక్కువుంటే పొడి గోడకి పుట్టీ పెట్టించి, మెరుపు లేని తెల్ల ఎమల్షన్ వేయించినా బొమ్మ బాగానే వస్తుంది.

ఇక ప్రొజెక్టర్ చోటు. మాన్యువల్‌లో త్రో రేషియో అని ఉంటుంది, దాన్ని తెర వెడల్పుతో గుణిస్తే తెర నుంచి ప్రొజెక్టర్ ఎంత దూరంలో ఉండాలో వచ్చేస్తుంది. రేషియో 1.2 నుంచి 1.5 అయితే మన 87 అంగుళాల తెరకి సుమారు 8 అడుగుల 8 అంగుళాల నుంచి 10 అడుగుల 10 అంగుళాల మధ్య ఎక్కడైనా పెట్టొచ్చు. 16 అడుగుల గదిలో ఫ్యాను సరిగ్గా మధ్యలో, తెర గోడకి 8 అడుగుల్లో ఉంటుంది, నేను దెబ్బతిన్నది అక్కడే. రెక్కల కంటే కిందికి వచ్చేలా పైపు పొడుగుది తీసుకోండి, లేదంటే 0.5 రేషియో ఉన్న షార్ట్ త్రో కొంటే మూడున్నర అడుగుల దూరం చాలు, ఫ్యాను గొడవే ఉండదు.

లెన్స్ తెర నడిమి గీతకి సూటిగా ఉండాలి. ఎత్తు ఎంతన్నది మాన్యువల్‌లో ఆఫ్‌సెట్ (బొమ్మ లెన్స్ కంటే ఎంత పైకో కిందికో పడుతుందన్న లెక్క) దగ్గర రాసి ఉంటుంది. పక్కకి పెట్టేసి, వంకరపడ్డ బొమ్మని కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేసుకోవచ్చులే అనుకోకండి, అలా చేస్తే పిక్సెళ్లు కొన్ని వృథా అయి అక్షరాల అంచులు మెత్తబడతాయి. వేడి గాలి వచ్చే వైపు అడుగైనా ఖాళీ వదలండి. ఈదురుగాలి లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లు మనవి, ల్యాంపు ప్రొజెక్టర్ అయితే చల్లబడకుండానే లోపలి ఫ్యాను ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైనుకే కలపండి.

కన్నం పెట్టే ముందు రోజు రాత్రి స్టూలు మీద స్టూలు పెట్టకుండా, గట్టి నిచ్చెన మీద ఒకరు ప్రొజెక్టర్ పట్టుకుని, ఇంకొకరు ఫ్యాను ఫుల్ స్పీడులో వేసి, పేపర్ల అంచులకి బొమ్మ సరిపోయిందో లేదో చూడండి. రసమట్టం పెట్టి పేపర్ల పై అంచు కూడా సరిచూసుకోండి. అన్నీ కుదిరాక శ్లాబు మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, పొద్దున్నే డ్రిల్లు మొదలెట్టండి.