ఎస్.కోట నుంచి గాలికొండ దాకా: ఘాట్‌లో సైకిల్ మొరాయిస్తే

విజయనగరంలో చీకటుండగానే బయలుదేరి, ఎస్.కోటలో టిఫిన్ చేసుకుని సాగితే కాశీపట్నం దాటాక అరకు ఘాట్ రోడ్డులో అసలు ఎక్కుడు మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ చేరేసరికి వెయ్యి మీటర్ల ఎత్తు దాటేస్తాం. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అందుకే కింద చెమట, పైన చలి, మధ్యలో ఏ మలుపులోనో వాన. ఈ దారిలో నాకు ఎదురైన ఇబ్బందులన్నీ ఒకలాంటివే. బాధ బయటపడేది కొండ మీద, దానికి కారణం మాత్రం గంట ముందు ఎక్కడో కింద జరిగిపోయి ఉంటుంది.

దిగుతుంటే వణుకు, బ్రేకు నొక్కలేనంతగా వేళ్లు కొయ్యబారడం

చలి ఎక్కువై కాదు, చొక్కా తడిసి ఇలా అవుతుంది. ఎక్కేటప్పుడు పట్టిన చెమట ఒంటి మీదే ఉంటుంది. దిగుడులో పెడల్ తొక్కే పని లేదు కాబట్టి ఒళ్లు వేడెక్కదు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలి ఆ తడిని ఆరబెడుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. పైగా వాన తోడైతే సరే సరి.

ఒక అక్టోబరులో అనంతగిరి దగ్గర టీ గ్లాసు పట్టుకోలేక సగం ఒలకబోసుకున్నాను. కొట్టు నడిపే పెద్దావిడ చూసి, ‘ఏటి బాబూ, అలగ వణికిపోతన్నావు? ఈ పేపరు చొక్కా లోపలెట్టుకో’ అని బజ్జీల కోసం ఉంచిన పాత దినపత్రిక చేతిలో పెట్టింది. రెండు మడతలు వేసి ఛాతీ మీద పరిచి, పైన చొక్కా గుండీలు పెట్టుకున్నాను. పది నిమిషాల్లో పళ్లు టకటకలాడటం ఆగింది. కాగితం గాలిని ఆపుతుంది, కాస్త తడిని పీల్చుకుంటుంది. ఇప్పుడు ఓ పొడి బనియను పాలిథిన్ కవర్లో చుట్టి తీసుకెళ్తున్నాను. దిగడం మొదలుపెట్టే ముందే మార్చుకోవాలి. వణుకు మొదలయ్యాక మార్చుకుంటే ఒళ్లు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

వానలో బ్రేకు పట్టదు, లేదా గరగరమంటుంది

రిమ్ బ్రేకుకు, అంటే చక్రం అంచును రబ్బరు ముక్కలతో నొక్కే బ్రేకుకు, ఇది రోగం కాదు, స్వభావం. తడిసిన రిమ్ మీద నీటి పొర తుడుచుకుపోయేదాకా రబ్బరు పట్టదు. ఆ లోపు చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేస్తుంది. మలుపు ఇంకా దూరంలో ఉండగానే మెల్లగా నొక్కి రిమ్ తుడిచి పెట్టుకుంటే, మలుపులో నొక్కినప్పుడు పట్టు దొరుకుతుంది. మన పాత సైకిళ్ల స్టీలు రిమ్ములైతే తడిలో బ్రేకు ఉందో లేదో తెలీదు. వాటి మీద ఈ ఘాట్ వానలో దిగడం నాకైతే ఇష్టం లేదు.

గరగరమంటే కథ వేరు. చక్రం తీసి బ్రేకు రబ్బరును వెలుతురులో తిప్పి చూడండి. నల్లటి బురద మధ్య మిలమిల మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి ఇసుక రేణువులు, రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం పొట్టు. పిన్నీసుతో ఒక్కొక్కటీ గుచ్చి తీసి, రబ్బరును గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, రిమ్ తుడిస్తే చాలు. అలాగే వదిలేస్తే ఆ రేణువులే రిమ్‌ను ఆకురాయిలా అరగదీస్తాయి. రబ్బరు మీది గాళ్లు అరిగిపోయి కనబడకపోతే మార్చాల్సిందే.

ఎండలో బ్రేకుకు వచ్చే చిక్కు ఇంకోటి. ఏకబిగిన నొక్కి ఉంచితే రిమ్ వేడెక్కి ట్యూబు పేలొచ్చు. గట్టిగా నొక్కి వదులుతూ, ముందూ వెనకా మారుస్తూ దిగాలి.

పంక్చర్ వేసినా మళ్లీ గాలి పోవడం

కన్నం పూడ్చారు, కన్నం చేసింది మాత్రం టైరులోనే ఉంది. ఘాట్ రోడ్డు అంచున లారీ టైర్లు పేలిన చోట సన్నటి ఇనప తీగ ముక్కలు పడుంటాయి. వెంట్రుక కంటే కాస్త లావు, కంటికి ఆనవు. తడిసిన రబ్బరులోకి ఇంకా సులువుగా దిగుతాయి. ట్యూబు తీసేటప్పుడు అది టైరులో ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. వాల్వు నుంచి కన్నం ఎంత దూరమో కొలిచి, టైరులో అదే చోట లోపలి నుంచి దూది పాయను మెల్లగా లాగితే తీగకు పోగు తగులుకుంటుంది. వేలితో వెతికితే వేలే తెగుతుంది.

పాము కాటులా పక్కపక్కనే రెండు కన్నాలుంటే తీగ కోసం వెతకక్కర్లేదు. గాలి తక్కువతో గోతిలో పడ్డారు, అంతే. వానలో అతుకు నిలవదు. ట్యూబు పూర్తిగా ఆరాలి, సొల్యూషన్ వేలికి అంటకుండా ఆరాకే ప్యాచ్ పెట్టాలి. అంత ఓపిక లేకే నేను కొత్త ట్యూబు వెంట ఉంచుకుంటాను.

కళ్లు బైర్లు కమ్మడం, తొడ పట్టేయడం

ఎస్.కోటలో ఏడింటికి తిన్న నాలుగిడ్లీలు డముకు దాకా రావు. ఆకలి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. బండి దిగి, బెల్లం ముక్కో అరటిపండో తిని ఇరవై నిమిషాలు కూర్చోండి. తొడ పట్టేస్తే మెల్లగా సాగదీసి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగాలి. ఉక్కలో ఉప్పంతా చెమటలో పోయాక ఉత్త నీళ్లు ఎన్ని తాగినా సరిపోదు. బొంగులో చికెన్ మాత్రం దిగేటప్పటికి దాచుకోండి. అది తిని ఎక్కితే ఏమవుతుందో నేను చూసినవాణ్ణే.

ఉరుములు

మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే సైకిల్ వదిలేసి పక్కా ఇంట్లోకో, తలుపులేసిన కారులోకో వెళ్లాలి. కాఫీ తోటల సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. వాటి కింద నిలబడటం కంటే తడవడం మేలు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఫోన్లో దామిని యాప్ ఉంటే పిడుగుల హెచ్చరికలు వస్తాయి, కానీ అడవిలో సిగ్నల్‌ను నమ్ముకోలేం. మే నెలలో అయితే మధ్యాహ్నం దాటకముందే దిగడం మొదలుపెట్టడం నా అలవాటు.

చైన్ జారడం, తెగడం

నిటారు ఎక్కుడులో, బలమంతా పెట్టి తొక్కుతూ గేరు మారిస్తే జరిగేది ఇదే. వాలు రాకముందే మార్చుకోవాలి. వానకు నూనె కడిగేసుకుపోయి కీచుమంటుంటే తుడిచి రెండు చుక్కలు వేయండి, రిమ్ మీద పడకుండా. తెగితే కంగారు అక్కర్లేదు. డముకు నుంచి కాశీపట్నం దాకా చాలామటుకు దిగుడే, తొక్కకుండానే వచ్చేయొచ్చు. బ్రేకు పోతే మాత్రం బండి ఎక్కొద్దు. నడిపించుకుంటూ పక్కకు నిలబడి, వచ్చే జీపును ఆపి, టాప్ మీద కట్టించుకోండి.