తిరిగే తాళ్ల వల మొరాయిస్తోందా? గ్రీజు కొట్టే ముందు ఇవి చూడండి

అనంతపురంలో మా కాలనీ పార్కులో నడుమ ఇనుప కంబం, దాని చుట్టూ తాళ్ల వల, పిల్లలు ఎక్కి పట్టుకుంటే మొత్తం గిర్రున తిరిగే పరికరం ఒకటుంది. దాని బాగోగులు మేం నలుగురం చూసుకుంటాం. నిరుడు అది బిగుసుకుపోతే మూడుసార్లు గ్రీజు కొట్టించాం, మూడుసార్లూ నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. చివరికి చూస్తే తప్పు బేరింగుది (వల తిరగడానికి కంబం దగ్గర లోపల ఉండే గుండ్ల చట్రం) కాదు, కంబం ఒక పక్కకి వాలింది. ఆ తిప్పలు మీకు వద్దనే ఇది రాస్తున్నాను. ఏ చిన్న అనుమానం వచ్చినా ముందు వలను గొలుసుతో కట్టి తాళం వేయండి, ఆ తర్వాతే కారణం వెతకండి. ఈ ఒక్క సాయంత్రం ఆడుకోనిద్దాంలే అని మాత్రం అనుకోవద్దు.

బరువుగా తిరుగుతోంది, లేదా కరకరమంటోంది

ఎవరూ ఎక్కకుండా చేత్తో ఒక్క తోపు తోయండి. ఖాళీగా ఉన్నప్పుడు కూడా రెండు మూడు చుట్లకే ఆగిపోతూ, కంబానికి చెవి ఆనిస్తే ఇసుక నలిగినట్టు వినిపిస్తే దుమ్ము లోపలికి పోయిందని అర్థం. మన దగ్గర ఎండాకాలం గాలికి లేచే ఎర్రదుమ్ము సంగతి తెలిసిందే కదా, ఆయిల్ సీల్ (బేరింగులోకి దుమ్ము పోకుండా, గ్రీజు బయటికి రాకుండా ఆపే వలయం) రబ్బరు ఎండకు పగిలితే ఆ దుమ్మంతా గ్రీజుతో కలిసి సానపట్టే పేస్టులా తయారవుతుంది. దాని మీదే కొత్త గ్రీజు కూరితే లాభం లేదు. విప్పి, పాత గ్రీజంతా తుడిచి, డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్త సీల్ వేసి అప్పుడు లిథియం గ్రీజు పెట్టాలి. బేరింగు రెండు పక్కలా మూత ఉన్న రకమైతే కడగొద్దు, మార్చేయండి. చుట్టుకొకసారి టక్కుమంటోందంటే గుండ్లు తిరిగే దారిలో గుంట పడి ఉండొచ్చు, లేదా ఏదో బోల్టు వదులై ఉండొచ్చు. ముందు బోల్టులు చూడండి, అది ఖర్చు లేని పని.

ఎప్పుడూ ఒకే పక్కకొచ్చి ఆగుతోంది

మేం పట్టుకోలేకపోయింది దీన్నే. పరీక్ష చాలా తేలిక. పది కిలోల ఇసుక సంచి ఒకటి వలకు ఒక పక్కన కట్టి, తిప్పి వదిలేయండి. సంచి ప్రతిసారీ అదే దిక్కుకు, మాకు తూర్పు గోడ వైపుకు, వచ్చి ఆగుతుంటే కంబం అటు వాలినట్టే. రసమట్టం కంబానికి రెండు దిక్కుల నుంచి ఆనించి చూస్తే ఖాయమవుతుంది. మా దగ్గర పునాది పక్కన కుళాయి నీళ్లు రోజూ నిలిచి మట్టి మెత్తబడింది. కర్నూలు పక్క నల్లరేగడిలో అయితే కుళాయి కూడా అక్కర్లేదు, వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే ఆ నేలే పునాదిని కదిలిస్తుంది. కంబాన్ని తాళ్లతో లాగి నిలబెట్టి పైన నాలుగు తట్టల సిమెంటు పోస్తామంటే ఒప్పుకోవద్దు. వల దింపి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, కాంక్రీటు మళ్లీ పోసి, చుట్టూ మొరం గట్టించి, నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టాలి. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు లెక్క. మన ఎండలకు తడి గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. పిల్లలు రోజూ వచ్చి ఎప్పుడు తెరుస్తారని అడుగుతారు, మనసు చివుక్కుమంటుంది, అయినా ఆగాలి.

తాడు వదులైంది, గుచ్చుకుంటోంది

ఈ తాళ్ల లోపల ఉక్కు తీగలు, పైన పాలిస్టర్ అల్లిక ఉంటాయి. రంగు వెలిసినా, పైన కాస్త నూగు లేచినా భయం లేదు. పాత నూలు గుడ్డను తాడు పొడవునా జరపండి, ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ తెగి బయటికొచ్చింది. టేపు చుట్టి సరిపెట్టొద్దు, టేపు కింద తుప్పు కనబడదు, ఆ తాడు మార్చాల్సిందే. బజారులో దొరికే నైలాన్ తాడు ముడేసి కట్టడం ఇంకా ప్రమాదం. అది సాగుతుంది, కన్నాల కొలత మారిపోతుంది. 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య ఉన్న కన్నంలో పిల్లల శరీరం దూరి తల ఇరుక్కునే అపాయం ఉందని ఆట పరికరాల భద్రతకు యూరప్ పెట్టుకున్న ప్రమాణం ఈఎన్ 1176 లెక్క. వదులు మాత్రమే అయితే టర్న్‌బకిల్ (తిప్పితే తాడును బిగించే మరల బిగింపు) బిగించండి, ఒక పక్కే కాకుండా ఎదురెదురువి జతగా, కొద్దికొద్దిగా.

మరీ వేగంగా తిరుగుతోంది

అదే ప్రమాణం ప్రకారం అంచు దగ్గర వేగం సెకనుకు 5 మీటర్లు దాటకూడదు. వల అడ్డంగా 2 మీటర్లుంటే పది చుట్లకు పన్నెండున్నర సెకన్ల కంటే తక్కువ పట్టకూడదన్నమాట. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. వేగం ఆపే బ్రేకు మీ పరికరంలో ఉంటే అది అరిగిందేమో, నూనె కారుతోందేమో చూసి, తయారు చేసినవాళ్ల దగ్గరే బాగు చేయించండి.

పడితే దెబ్బలు గట్టిగా తగులుతున్నాయి

పరికరం బాగానే ఉన్నా చుట్టూ నేల సరిగా ఉండదు. పిల్లలు తోస్తూ పరిగెత్తే చోట ఇసుక పక్కకు జరిగి గాడి పడుతుంది, కింద గట్టినేల తేలుతుంది. చాలా పార్కుల్లో అందం కోసం దగ్గరి దాకా కడప బండలు పరుస్తారు, అంచు నుంచి 2 మీటర్ల లోపల ఒక్క బండ కూడా ఉండకూడదు, ఉంటే ఈ రోజే లేపించండి. 3 మీటర్ల ఎత్తు నుంచి పడే వీలున్నచోట ఇసుక కనీసం 300 మిల్లీమీటర్ల లోతు ఉండాలి, చెదిరిపోయే దానికి ఇంకో 100 కలపండి. మేం కంబం మీద ఎర్ర పెయింటుతో గీత గీశాం, ఇసుక ఆ గీత కంటే దిగితే శనివారం పొద్దున పారలు పట్టుకుని గాడి పూడుస్తాం.