పోయినవారి పేరున ట్రస్టు: డబ్బు పిల్లల ఆటకు, చదువుకు, కొండ దారికి చేరేదెలా

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఎవరో ఒకరు లేచి, "వాడి పేరు మీద ఏటా పదిమంది పిల్లలకు సాయం చేద్దాం" అంటారు. మనసులోంచి వచ్చే మాటే అది. కానీ ఆ రోజు పోగైన డబ్బంతా మొదటి ఏడాది షీల్డులకూ ఫ్లెక్సీలకూ అయిపోతే మూడో ఏడాదికి చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ముందు లెక్క చూసుకోండి. అసలు ముట్టకుండా వడ్డీతోనే నడపాలి. 10 లక్షలు బ్యాంకులో వేస్తే, 7 శాతం చొప్పున ఏడాదికి 70,000 వస్తుంది. అందులో 10,000 అసలుకే కలపండి, లేకపోతే పెరిగే ధరలు దాని విలువను తినేస్తాయి. ఆడిట్‌కూ రాతకోతలకూ మరో 10,000 తీసేస్తే మిగిలేది 50,000. ఒక ఊరి హైస్కూలుకు ఇది బాగా సరిపోతుంది. జిల్లా అంతా అని ప్రకటిస్తే ఎవరికీ చాలదు.

కుటుంబం నడిపేదైతే సొసైటీ కన్నా ట్రస్టు తేలిక. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ట్రస్టు డీడ్‌ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇద్దరు సాక్షులతో రిజిస్టర్ చేయించాలి. ట్రస్టీల ఆధార్, పాన్, ఫొటోలు, ఆఫీసుగా చూపే ఇంటి కరెంటు బిల్లు, ఇల్లు వేరేవాళ్లదైతే యజమాని అంగీకార పత్రం సిద్ధంగా ఉంచుకోండి.

డీడ్‌ను పాత నమూనా చూసి దించేయకండి. "విద్యాభివృద్ధి" అని ఒక్క ముక్క రాసి తర్వాత ట్రెక్కింగుకు ఖర్చు పెడితే పన్ను అధికారి అడుగుతారు. క్రీడలు, విద్య, కొండలూ అడవుల్లో శిబిరాలు అని విడివిడిగా రాయించండి. ట్రస్టు రద్దు చేసుకోవడానికి వీల్లేదనీ, ఎప్పుడైనా మూతపడితే ఆస్తి ఇలాంటి మరో ట్రస్టుకే పోతుందనీ రెండు షరతులు తప్పకుండా ఉండాలి. ఇవి లేకే చాలా పన్ను మినహాయింపు దరఖాస్తులు వెనక్కొస్తాయి. మా కులం పిల్లలకే అని రాస్తే దాతలకు 80జీ రాయితీ, అంటే ఇచ్చిన విరాళం మీద పన్ను తగ్గింపు, దక్కదు. ట్రస్టీల మేనల్లుడికో మనవరాలికో ఫీజు కట్టినా పన్ను మినహాయింపుకే ముప్పు.

ట్రస్టు పేరున పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా తీసుకోండి. ఖాతా తెరిచేదాకా చందాలు వద్దు. సొంత ఖాతాలో వేయించుకుని తర్వాత మార్చడం దగ్గరే అనుమానాలన్నీ పుడతాయి. అందరూ 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ అనే రిజిస్ట్రేషన్లు మొదట తాత్కాలికంగా వస్తాయి. పని మొదలైన 6 నెలల్లోపు రెగ్యులర్ నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఆదాయపు పన్ను చట్టం 2025తో సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి కాబట్టి నింపేముందు ఆడిటర్‌ను అడగండి. 2,000 దాటిన నగదుకు దాతకు రాయితీ ఉండదు. అసలును చిట్టీల్లో వేయడం, తెలిసినవాళ్లకు వడ్డీకి తిప్పడం కుదరదు. బ్యాంకు డిపాజిట్ సురక్షితం.

అమెరికాలోని బంధువులు పంపే డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు. తమ్ముడైనా సరే, పాస్‌పోర్టు కాపీ అడిగి ఫైల్లో పెట్టండి.

చదువుకు ఇచ్చేటప్పుడు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ అందని ఖర్చులు చూడండి: హాస్టల్ డిపాజిట్, బస్ పాస్ లాంటివి. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకే వేయండి.

కొండల దారికి భువనగిరి కోట గుట్ట మంచి మొదలు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలైంది ఆ బండ మీదే. తాడు పని మాత్రం శిక్షకుల చేతికే వదలండి. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దున్నే బయలుదేరండి. ఎనిమిది మందికి ఒక పెద్ద, ఆడపిల్లలుంటే ఒక టీచరమ్మ, మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్, తల్లిదండ్రుల సంతకం. తేనెపట్టులున్న చోట పొగ, సెంటు వద్దు. అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. జలపాతం గుండాల్లో ఎవర్నీ దిగనివ్వకండి, ఈత వచ్చినవాళ్లను కూడా.

ఇక ఆటలు. బూట్లు వర్ధంతి రోజున పంచాలని చూడకండి, మండల స్థాయి పోటీలకు నెల ముందే పిల్లల కాళ్లకు ఉండాలి. కొత్త బూట్లతో నేరుగా పోటీకి దిగితే బొబ్బలెక్కుతాయి. సాయంత్రం, ఆట అయ్యాక కొలవండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. తెల్ల కాగితం మీద నిలబెట్టి, మడమ గోడకు ఆనించి, పొడవైన వేలి కొన దగ్గర గీత గీయండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదే తీసుకోండి. వేలి కొనకూ బూటు కొనకూ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు. "వచ్చే ఏడాదికీ వస్తాయిలే" అని పెద్దవి కొంటే పాదం లోపల జారి మడమ ఒరుసుకుపోతుంది, ఆ పిల్ల మళ్లీ ఉత్తి కాళ్లతోనే పరిగెడుతుంది. ఒక్కో జతకు రెండు జతల సాక్సులివ్వండి. కొలత కాగితం వెనక పేరు, తరగతి, తేదీ రాసి పీఈటీ సారు దగ్గరే ఉంచండి. పాదాలు ఏడాదికేడాది పెరుగుతాయి కాబట్టి వచ్చే జూన్‌లో మళ్లీ కొలిచాకే ఆర్డరివ్వండి.