సిబిల్ స్కోరు దెబ్బతిన్నవారు హైదరాబాద్‌లో ఇంటి రుణం పొందడం ఎలా?

మియాపూర్‌లోనో ఉప్పల్‌లోనో ఫ్లాటు చూసుకుని, బిల్డరుకు బయానా ముట్టజెప్పి, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి ‘మీ సిబిల్ బాగాలేదు’ అనే మాట వినేవారు ఈ నగరంలో తక్కువేమీ లేరు. ఇంటి రుణానికి దరఖాస్తు చేయడానికి కనీసం ఆరు నెలల ముందే తమ అప్పుల చెల్లింపు చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని చదువుకున్నవారికి ఈ పరిస్థితి రాదు. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు ఈ రిపోర్టులు ఇస్తాయి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన కాబట్టి, ఇందుకోసం ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. నాలుగింటినీ తెప్పించుకోవడం మంచిది, ఎందుకంటే ఒకదానిలో సరిగా ఉన్న ఖాతా మరొకదానిలో తప్పుగా నమోదై ఉండవచ్చు.

ఆ చరిత్రకు రిపోర్టులో ఇచ్చే అంకే స్కోరు, జనం దీన్నే సిబిల్ అంటారు. ఇది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సంతోషంగా మాట్లాడతాయి, 650కి దిగువన ఉంటే ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పని జరగడం కష్టం. అయితే అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు గానీ, రుణం మంజూరు చేసే అధికారి దాని కింద ఉన్న వరుసలను కూడా చదువుతాడు. ప్రతి ఖాతా కిందా నెలవారీగా చిన్న గళ్లు ఉంటాయి. గడిలో ‘000’ అని ఉంటే ఆ నెల వాయిదా సమయానికి కట్టినట్టు, ‘030’ అని ఉంటే ముప్పై రోజులు ఆలస్యమైనట్టు, ‘090’ దాటితే ఆ ఖాతా మొండి బాకీల వైపు జారినట్టు. 2021లో ఉద్యోగం పోయి నాలుగు నెలలు వరుసగా తప్పి, ఆ తర్వాత మూడేళ్లపాటు అన్నీ సున్నాలే ఉన్న మనిషికీ, నిన్నమొన్నటి దాకా నెల విడిచి నెల ముప్పైలు, అరవైలు పడుతున్న మనిషికీ స్కోరు ఒకటే ఉన్నా, అధికారి ఇద్దరినీ ఒకే తీరుగా చూడడు. మొదటి వ్యక్తి తన పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటరును, జీతం ఆగిన నెలల బ్యాంకు స్టేట్‌మెంటును జతచేసి, ఒక పేజీలో వివరణ రాసి ఇస్తే దానికి విలువ ఉంటుంది.

రిపోర్టులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి ‘రిటెన్ ఆఫ్’ (రాని బాకీగా బ్యాంకు లెక్కల్లోంచి కొట్టివేసినది), ‘సెటిల్డ్’ అనే రెండు మాటలు. క్రెడిట్ కార్డు బాకీ లక్షన్నరకు చేరినప్పుడు రికవరీ ఏజెంటు ఫోన్ చేసి ‘అరవై వేలు కట్టండి, ఖాతా మూసేస్తాం’ అంటే చాలామందికి పెద్ద భారం దిగినట్టు అనిపిస్తుంది. కానీ ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదై ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంది, అంటే ఇతడు పూర్తి బాకీ తీర్చలేదని ప్రతి కొత్త బ్యాంకుకూ తెలుస్తూనే ఉంటుంది. ఇంటి రుణం నిజంగా కావాలనుకునేవారు ఆ మిగిలిన మొత్తాన్ని ఇప్పుడైనా కట్టి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతా స్థితిని ‘క్లోజ్డ్’గా మార్చమని రాతపూర్వకంగా అడగడం ఉత్తమం. కట్టవలసిన మొత్తం ఎంతో ఏజెంటు మాటగా వినకుండా, బ్యాంకు నుంచే లేఖ రూపంలో తీసుకోవాలి. కొన్నిసార్లు వాడకం మానేసిన కార్డుపై వార్షిక రుసుము ఐదు వందలు పడి, దానిపై వడ్డీ, జరిమానా చేరి, యజమానికి తెలియకుండానే అది మొండి బాకీగా మారి ఉంటుంది. సహోద్యోగి అప్పుకు జామీను ఉన్నవారి రిపోర్టులో కూడా అతడు ఎగవేసిన వాయిదాలు కనిపిస్తాయి. మొహమాటానికి పెట్టిన సంతకం ఇంత దూరం వస్తుందని ముందుగా ఎవరూ చెప్పరు.

తప్పుగా నమోదైన వివరాలపై ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైటులోనే ఫిర్యాదు చేయవచ్చు, అప్పిచ్చిన బ్యాంకుకు కూడా అదే రోజు రాయడం మేలు. ముప్పై రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి అమలులో ఉంది. అప్పటికీ జవాబు సరిగా లేకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు ఒంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఇక పది వేలు ఇస్తే స్కోరు పెంచుతామని అమీర్‌పేట గోడల మీదా ఫోన్లలోనూ కనిపించే ప్రకటనల జోలికి వెళ్లకండి. అప్పిచ్చిన సంస్థ ధ్రువీకరించకుండా రిపోర్టులో ఒక్క అక్షరాన్నీ మార్చే అధికారం క్రెడిట్ సంస్థకే లేనప్పుడు, మధ్యవర్తికి ఎక్కడిది?

బాకీలు తేలాక, మిగిలిన కార్డుల వాడకాన్ని పరిమితిలో ముప్పై శాతం లోపు ఉంచి, అన్ని వాయిదాలనూ గడువుకు ముందే కడుతూ ఉండాలి. కార్డే లేనివారు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి, దాని హామీపై ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ సంస్థలకు సమాచారం పంపాలి కాబట్టి, మంచి నడవడి మునుపటికంటే త్వరగా రిపోర్టులోకి ఎక్కుతుంది. ఈ కాలంలో కొత్త ఫోనుకో ఫ్రిజ్‌కో వాయిదాల అప్పు తీసుకోకపోవడం మంచిది.

దరఖాస్తు చేసే దశలో జనం ఎక్కువగా నష్టపోయేది తొందర వల్ల. ఒకచోట కాదన్నారని వారం తిరగకుండా మరో ఐదు చోట్ల దరఖాస్తు పెడితే, బ్యాంకు మీ రిపోర్టు కోసం చేసే ప్రతి విచారణా అందులో నమోదై స్కోరును ఇంకొంత తగ్గిస్తుంది. తిరస్కరించిన బ్యాంకు అందుకు ముఖ్య కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి. దాన్ని అడిగి తీసుకుని, ఆ లోపం సరిదిద్దుకున్నాకే రెండో చోటికి వెళ్లాలి. జీతం ఏళ్లుగా పడుతున్న బ్యాంకు మొదటి ఎంపిక కావాలి, మీ రాబడి దానికి కళ్లముందు కనిపిస్తుంది గనుక. భార్యకో భర్తకో స్థిరమైన ఆదాయం, మంచి స్కోరు ఉంటే సహ రుణగ్రహీతగా చేర్చడం బాగా పనిచేస్తుంది, కానీ రేపు వాయిదా తప్పితే వారి చరిత్ర కూడా పాడవుతుందని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

బ్యాంకులు ఒప్పుకోనప్పుడు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ముందుకు వస్తాయి, వడ్డీ మాత్రం ఎక్కువ. 30 లక్షలు, ఇరవై ఏళ్లు అనుకుంటే, 8.5 శాతానికి నెలకు సుమారు 26,000 రూపాయల వాయిదా పడుతుంది, 11 శాతానికి దాదాపు 31,000 అవుతుంది. మొత్తం కాలానికి ఆ తేడా పదకొండున్నర లక్షలు దాటుతుంది. అందువల్ల ఏడాది ఆగి స్కోరు బాగుచేసుకోగలిగినవారు ఆగడమే లాభమని నా అభిప్రాయం. అద్దె ఎంత బాధపెట్టినా ఈ లెక్క మారదు. ఆగలేనివారు ముందే సొంత డబ్బు ఎక్కువ సమకూర్చుకోవాలి. నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు రుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం వరకు ఇవ్వవచ్చు. చరిత్ర బాగాలేనివారు ఆ గరిష్ఠాన్ని ఆశించకుండా, విలువలో మూడో వంతు తామే పెడతామంటే అధికారికి ధైర్యం కలుగుతుంది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఈ లెక్కలోకి రావు, అవి చేతి నుంచే పెట్టుకోవాలి.

ఆస్తి విషయంలో రాజీ పడకూడదు. మనిషి మీద అనుమానం ఉన్న బ్యాంకు కాగితాల మీద అనుమానాన్ని అసలు భరించదు. నోటరీ కాగితాల మీద చేతులు మారిన స్థలాలు, అనుమతి ఒకలా ఉండి కట్టడం మరోలా ఉన్న ఇళ్లు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన పత్రాలు) తెగిపోయిన ఫ్లాట్లు ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి. స్థానిక నగరపాలక సంస్థ లేదా హెచ్ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) అనుమతి, కొత్త ప్రాజెక్టుకు తెలంగాణ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు, ఆస్తిపై లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ ముందే చూసుకోవాలి. బయానా ఇవ్వడానికి ముందు బ్యాంకు నుంచి సూత్రప్రాయ మంజూరు లేఖ తీసుకోవడం, రుణం రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులో గడువుతో సహా రాయించడం మరచిపోవద్దు. అమ్మేవారు మొదట ముఖం చిట్లిస్తారు, కానీ రుణం మీద కొనేవారు అడిగే మామూలు షరతే ఇది.

మంజూరు వచ్చాక కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రాన్ని సంతకానికి ముందు చదవాలి. అన్ని రుసుములూ కలిపిన వార్షిక వడ్డీ రేటు అందులో ఉంటుంది, రుణంతో పాటు అంటగట్టిన బీమా ప్రీమియం కూడా అక్కడే బయటపడుతుంది. చలన వడ్డీపై (కాలాన్నిబట్టి మారే ఫ్లోటింగ్ రేటుపై) ఇంటి రుణం తీసుకున్న వ్యక్తులకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు. కాబట్టి ఎక్కువ వడ్డీకి తీసుకున్నవారు పద్దెనిమిది నెలలో రెండేళ్లో ఒక్క వాయిదా తప్పకుండా కట్టి, మళ్లీ రిపోర్టు తెప్పించుకుని, తక్కువ రేటుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (మిగిలిన రుణాన్ని తమకు మార్చుకోవడం) ఇస్తారా అని జీతం పడే బ్యాంకునే మొదట అడగాలి. మారేటప్పుడు కొత్త ప్రాసెసింగ్ రుసుము, లీగల్ ఖర్చులు, తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్లీ పడతాయి గనుక, వాటిని మిగిలే వడ్డీతో పోల్చి చూసుకున్నాకే దరఖాస్తు మీద సంతకం పెట్టాలి.