మనకు రాని స్టార్‌ఫైటర్‌ను మన రంగుల్లో కట్టడం ఎలా

ఎఫ్-104 స్టార్‌ఫైటర్ అనే అమెరికా యుద్ధవిమానం భారత వాయుసేనలో ఎప్పుడూ లేదు. నా షాపు అద్దాల అరలో మాత్రం దాని ప్లాస్టిక్ మోడల్ ఒకటుంది. తోక మీద మూడు రంగులు, రెక్క కొసల్లో రష్యా మిస్సైళ్లు, నడుముకు పసుపు పట్టీ. నాది యాప్రాల్‌లో బండ్లకు స్టిక్కర్లు కోసే రేడియం షాపు. హకీంపేట వాయుసేన స్థావరం దగ్గరే కాబట్టి నంబర్ ప్లేట్ కోసం వచ్చేవాళ్లలో వాయుసేన నుంచి రిటైరైనవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు ఊరికే చూసి పోరు, ప్రశ్నలు వేస్తారు. ఒక పెద్ద సార్ ఆ మోడల్‌ను అటూ ఇటూ తిప్పి, “స్పేర్లు ఎవడిచ్చిండు బిడ్డా దీనికి?” అన్నాడు. ఊహా విమానం కట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తగల్లేదు. రంగులు ఎట్లా వేయాలో చెప్తాను, కానీ ముందు ఆ ప్రశ్నకు జవాబు ఉండాలి.

ఒక్కటే మార్చండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కిట్ పెట్టె తెరిచి, నచ్చిన విమానానికి నచ్చిన జెండా అంటించేస్తారు. ఫొటోలో బాగుంటుంది, రెండోసారి చూడబుద్ధి కాదు. నా పద్ధతిలో చరిత్రలో ఒక్క చోట మాత్రం మలుపు తిప్పాలి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంచాలి. మోడల్ మీద కనబడే ప్రతి గుర్తూ ఆ మలుపు నుంచే పుట్టాలి.

స్టార్‌ఫైటర్ సంగతే తీసుకోండి. పాకిస్తాన్‌కు అమెరికా 1961లో ఎఫ్-104లు ఇచ్చింది. మనం 1962లో మిగ్-21ల కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాం. అయినా 1964 మేలో రక్షణమంత్రి వై.బి. చవాన్ వాషింగ్టన్ వెళ్లినప్పుడు మనవాళ్లు స్టార్‌ఫైటర్లు అడిగారు. ఆయన అక్కడ ఉండగానే నెహ్రూ చనిపోయారు. విమానాలు రాలేదు. అదే ఏడాది చవాన్ మాస్కో వెళ్లి మిగ్‌ల పని ముందుకు నడిపారు. నా కథలో మారింది ఇంతే: వాషింగ్టన్ సరేనంది, కొద్ది విమానాలు 1965 వేసవిలో దిగాయి.

ఇక మిగతా చరిత్రను కదపను. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది, పైలట్లు ఇంకా శిక్షణలోనే ఉన్నారు. ఆదంపూర్‌లోని 1వ స్క్వాడ్రన్ ‘టైగర్స్’ అప్పుడు మిస్టీర్ అనే ఫ్రెంచ్ విమానాలతోనే పాకిస్తాన్‌లోని సర్గోధా స్థావరం మీదికి వెళ్లింది. స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య ఆ మిస్టీర్‌తోనే ఒక పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ను కూల్చి, తానూ తిరిగి రాలేదు. ఆయనకు 1988లో మహావీర్ చక్ర ఇచ్చారు. దాన్ని నేనెందుకు ముట్టుకుంటాను? నా ఎఫ్-104కు పులి తల గుర్తు వేసింది ఆ స్క్వాడ్రన్ అనే. స్టార్‌ఫైటర్‌ను పడగొట్టినవాళ్ల చేతికే స్టార్‌ఫైటర్ రావడం నాకు సబబనిపించింది.

అదే యుద్ధంలో అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. సార్ అడిగింది ఇక్కడికే వస్తుంది. స్పేర్లు ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి 1971 డిసెంబరుకు వచ్చేసరికి నా విమానం ఎట్లా ఉండాలి? ఒక దాన్ని విప్పి ఇంకో దాన్ని ఎగరేసినట్టు ఉండాలి. దాంతో వచ్చిన అమెరికా సైడ్‌వైండర్ మిస్సైళ్లు అయిపోయి ఉండాలి. వాటి బదులు మిగ్‌లతో వచ్చిన కె-13 తగిలించాను. ఇది నా గాలి కబురు కాదు. 1958లో తైవాన్ దగ్గర ఒక సైడ్‌వైండర్ పేలకుండా చైనా మిగ్-17లో ఇరుక్కుపోయింది. దాన్ని చూసి సోవియట్‌లు చేసుకున్న నకలే కె-13. కొలతల్లో దాదాపు అదే. మిగ్-21 కిట్ కట్టినవాళ్ల డబ్బాలో మిగిలిన మిస్సైళ్లు ఎప్పుడూ పడుంటాయి, కొనక్కర్లేదు.

పసుపు పట్టీకీ కారణం ఉంది. ఆకాశంలో రెండు పక్కలా ఒకటే విమానం ఎగురుతుంటే మనవాళ్లే మనదాన్ని కొడతారు. 1973లో ఈజిప్టు వైపు కూడా మిరాజ్‌లు ఉన్నాయని ఇజ్రాయెల్ తన వాటి మీద నల్లంచు పసుపు త్రికోణాలు వేసుకుంది. 1956లో సూయజ్ మీదికి వెళ్లిన బ్రిటిష్, ఫ్రెంచ్ విమానాలకు పసుపు, నలుపు చారలు ఉండేవి. కాషాయం పట్టీ వేద్దామా అనుకున్నాను గానీ వెండి రంగు మీద అది దూరానికి ఆనదు. పాకిస్తాన్ గుర్తుల్లోనూ మన గుర్తుల్లోనూ ఆకుపచ్చ, తెలుపు ఉన్నాయి, అవీ కుదరవు. మిగిలింది నల్లంచు పసుపే.

కిట్, కట్టుడు

ఎఫ్-104కు హసెగావా కంపెనీ కిట్లు 1:72లోనూ (అంటే అసలు దానిలో 72వ వంతు) 1:48లోనూ ఉన్నాయి. రెవెల్‌ది 1:72లో ఉంది. 72లో విమానం పొడవు 23 సెంటీమీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 9 సెంటీమీటర్లు దాటి కొంచెం. అరలో పట్టేది అదే, నేను కట్టిందీ అదే.

కట్టుడు గురించి ఎక్కువ చెప్పను, పెట్టెలో కాగితం ఉంటుంది. ఈ విమానానికి రెండు విషయాలు మాత్రం చూసుకోండి. మొదటిది, రెక్కలు 10 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. గమ్ ఆరేలోపు అవి జారకుండా అట్టముక్కను ఆ కోణంలో కోసి కింద ఆనించి పెట్టాలి. తోక మీది అడ్డరెక్కను చివరికి వదిలేసి, ముందు నుంచి చూస్తూ సమంగా కూర్చోబెట్టండి. రెండోది, అసలు విమానంలో రెక్క ముందంచు ఎంత పదునంటే నేల మీద ఉన్నప్పుడు మనుషులకు తెగకుండా తొడుగులు వేసేవాళ్లు. ప్లాస్టిక్‌లో అది మొద్దుగా వస్తుంది. 800, తర్వాత 1500 నీటి ఎమెరీతో సన్నం చేయండి. ముందు చక్రం మీద నిలబడదేమోనన్న అనుమానం ఉంటే, మూతి మూసేముందు గాలానికి కట్టే సీసం గుండు ఒకటి లోపల అంటించండి.

రంగు

వెండి రంగు తప్పులన్నీ బయటపెడుతుంది. అతుకు దగ్గర గీత ఉందంటే కనబడినట్టే. అందుకే ముందు నిగనిగలాడే నలుపు వేసి, అది పూర్తిగా ఆరాక దాని మీద వెండి పల్చగా కొట్టండి. వెనక ఇంజన్ చుట్టూ ఉన్న పలకలు వేడికి రంగు తిరిగి ఉంటాయి, అక్కడ వెండిలో కొంచెం నలుపు, కొంచెం గోధుమ కలపాలి. వానాకాలంలో లాకర్ రంగులు మన దగ్గర పాలమీగడలాగా తెల్లబారతాయి. జులై, ఆగస్టుల్లో అయితే ఎండ కాసిన మధ్యాహ్నం కోసం ఆగండి. మేలో దానికి ఎదురు, రంగు ఎయిర్‌బ్రష్ మూతిలోనే ఎండిపోతుంది. రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ నాలుగు చుక్కలు వేస్తే దారికొస్తుంది.

ఒక పలకను మాత్రం కావాలని వేరే వెండితో వేయండి. అది వేరే విమానం నుంచి విప్పి తెచ్చింది. నేను ముందు చక్రం తలుపు మీద వేరే విమానం అంకెలు వేశాను. చూసినవాళ్లు సీరియల్ నంబర్ తప్పు పడిందని చెప్తారు, అప్పుడు కథ చెప్పడానికి సందు దొరుకుతుంది.

1971లో మన మిగ్-21లు కొన్నింటికి వెండి మీదే యూనిట్లలో చేత్తో ఆకుపచ్చ పూశారు. నేనూ అదే చేశాను. వెండి మీద హెయిర్‌స్ప్రే ఒక పొర కొట్టి, టామియా ఎక్స్‌ఎఫ్-61 ముదురు ఆకుపచ్చను స్పాంజి ముక్కతో అద్దాను. అరగంట తర్వాత తడి బ్రష్‌తో రెక్క అంచులు, నిచ్చెన ఆనించే చోటు, గన్ పక్కన రుద్దితే పచ్చ లేచిపోయి కింది వెండి బయటపడుతుంది. తొందరలో పూసినవాడు రౌండెల్ (వాయుసేన గుండ్రటి గుర్తు) మీద పడకుండా దాని చుట్టూ తిప్పి పూస్తాడు గదా, అందుకని ప్రతి రౌండెల్ చుట్టూ వెండి అంచు సన్నగా వదలండి. ఎయిర్‌బ్రష్‌తో మెత్తగా కలిపేస్తే అది ఫ్యాక్టరీ పనిలా ఉంటుంది, ఈ కథకు నప్పదు.

గుర్తులు

ఇది నా వృత్తి కాబట్టి కొంచెం సాగదీస్తాను. మన రౌండెల్‌లో బయట కాషాయం, మధ్యలో తెలుపు, నడిమి చుక్క ఆకుపచ్చ. తిరగేసి అంటించినవి ఎన్ని చూశానో. ప్రింటర్‌తో డికాల్ (నీళ్లలో ముంచి అంటించే స్టిక్కర్) తీద్దామనుకుంటే మామూలు ప్రింటర్ తెలుపు వేయదు, పచ్చ మీద కాషాయం మురికిగా కనబడుతుంది. అందుకే రౌండెల్‌ను మాస్క్ పెట్టి రంగుతోనే వేయాలి. ప్లాటర్ (స్టిక్కర్లు కోసే మిషన్) ఉన్న ఏ రేడియం షాపులోనైనా కోసిస్తారు. బండ్లకు వాడే పర్మనెంట్ వినైల్ మాత్రం వద్దు, దాని గమ్ వెండిని పీక్కొస్తుంది. తక్కువ గమ్ ఉన్న మాస్కింగ్ వినైల్ అడగండి. దొరక్కపోతే మామూలు దాన్నే రెండుమూడు సార్లు ప్యాంటు గుడ్డకు అంటించి తీస్తే పట్టు తగ్గుతుంది.

కొలత ముందు అంగుళాల్లో అనుకోండి. నేను పక్కలకు 24 అంగుళాలు, రెక్కలకు 36 అనుకున్నాను. 72లో అవి 8.5, 12.7 మిల్లీమీటర్లు. గుండ్రటి రంధ్రం ఉన్న మాస్క్ అంటించి, ముందు మొత్తం తెల్లగా కొట్టండి. తర్వాత నడిమి చుక్కనూ తెల్ల వలయాన్నీ మూసి కాషాయం. దాని తర్వాత చుక్క మాత్రం తెరిచి, కాషాయాన్ని కప్పి ఆకుపచ్చ. ప్రతి రంగూ పల్చగా రెండు విడతల్లో పడాలి, లేకపోతే అంచున గట్టులా లేస్తుంది. కాషాయానికి టామియా ఎక్స్-6 ఆరెంజ్‌లో కొంచెం పసుపు, ఒక చుక్క తెలుపు కలుపుతాను. డబ్బాలో ఉన్నదున్నట్టు వేస్తే ట్రాఫిక్ కోన్ అయిపోతుంది. తోక మీది పట్టీలో కాషాయం ముందువైపు ఉంచండి.

సీరియల్ నంబర్‌కు ప్లాటర్ పనికిరాదు. 8 అంగుళాల అక్షరం 72లో 2.8 మిల్లీమీటర్లే, బ్లేడు దాన్ని చింపేస్తుంది. నల్ల అక్షరాలే గదా, పారదర్శక డికాల్ కాగితం మీద లేజర్ ప్రింట్ తీయండి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచేముందు క్లియర్ వార్నిష్ కొట్టకపోతే కరిగిపోతుంది. నంబర్ ఏం పెట్టాలన్నదీ ఊరికే వద్దు. హంటర్లకు బీఏ, తొలి మిగ్-21లకు బీసీ, మారుత్‌లకు బీడీ అని మొదలయ్యేవి. నేను బీఈ తీసుకున్నాను. వాయుసేన మనుషులు మొదట చూసేది అక్కడే.

స్టార్‌ఫైటర్ నచ్చకపోతే మన దేశంలోనే తయారైన మారుత్ ఉంది. జర్మన్ ఇంజనీరు కుర్ట్ ట్యాంక్ గీసిన ఆ విమానానికి సరిపడే ఓర్ఫియస్ 12 ఇంజన్‌కు డబ్బు పెట్టి ఉంటే ఏమయ్యేదన్నది ఇంకో మలుపు. హైదరాబాద్ వాళ్లకైతే ఇంకా దగ్గరి సరుకుంది. నిజాం ఇచ్చిన విరాళాల వల్ల బ్రిటిష్ వాయుసేనలో 110, 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ దాని గుర్తే నిజాం తలపాగా. అది 1950ల్లో మెటియోర్ నైట్‌ఫైటర్లు నడిపింది. ఆ తలపాగాను ఒక లైట్నింగ్ అనే బ్రిటిష్ జెట్ తోక మీద వేయాలని కిట్ తెచ్చి పెట్టాను, పులి తల కన్నా అది సన్నపు పని.

చివరగా అంతటా మ్యాట్ వార్నిష్ కొట్టి, వెండి బయటపడ్డ చోట్ల మెత్తటి గుడ్డతో కొంచెం రుద్దండి, మెరుపు తిరిగొస్తుంది. స్టాండ్ మీద పేరుతోపాటు ‘ఊహ’ అని పెద్ద అక్షరాలతో రాయండి, ఫొటో తీసేటప్పుడు ఆ అక్షరాలు కూడా ఫ్రేములో పడేట్టు చూడండి. నా దాని ఫొటో ఎవరో కోసేసి వాట్సాప్‌లో తిప్పితే, మన దగ్గర దాచిపెట్టిన విమానం అంటూ అది తిరిగి నా ఫోన్‌కే వచ్చింది.