కొత్త అక్వేరియంలో చేపలు మొదటి నెల దాటాలంటే

తొట్టె తెచ్చాం, గులకరాళ్లు పరిచాం, నీళ్లు నింపాం, సాయంత్రానికల్లా అరడజను చేపలు వదిలేశాం. నాలుగో రోజు ఒకటి పోయింది, ఆరో రోజు రెండు. కొత్తగా అక్వేరియం పెట్టినవాళ్లలో చాలామంది కథ ఇదే, నా మొదటి తొట్టె కథా ఇదే. నీళ్లు చూస్తే అద్దంలా మెరుస్తున్నాయి, మేత వేళకి వేస్తున్నాం, మరి ఎందుకు చస్తున్నాయిరా బాబూ అని తల పట్టుకుని చివరికి చేపలు అమ్మినవాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు అతనిది కాదు. కొత్త తొట్టెలో ఇంకా తయారుకానిది ఒకటుంది, అది కంటికి కనపడదు.

చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, తినగా మిగిలి అడుగున కుళ్లే మేత నుంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. చెరువులో బోలెడు నీళ్లు, మట్టి, మొక్కలు ఉంటాయి కాబట్టి అది పలచబడిపోతుంది. మన తొట్టెలో దానికి పోయే దారి లేదు, చేప తను వదిలిన విషంలో తనే ఈదుతుంటుంది. పాత తొట్టెల్లో అయితే ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద ఒక రకం బ్యాక్టీరియా కాపురం పెట్టి ఈ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపల్ని చంపేవే. నైట్రేట్ మాత్రం వాటితో పోలిస్తే చాలా నయం, కొద్దిగా ఉంటే చేపలు తట్టుకుంటాయి, వారం వారం కొంచెం నీళ్లు మారిస్తే అదీ తగ్గుతుంది. చిక్కల్లా ఏంటంటే ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. సరిపడా తయారవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి 8 వారాలు కూడా పడుతుంది. అక్వేరియం వాళ్లు సైక్లింగ్ అనేది దీన్నే.

కాబట్టి ఇంకా చేపలు తేకపోతే మీరు అదృష్టవంతులు, ఖాళీ తొట్టెలోనే ఈ పని కానివ్వండి. నీళ్లు నింపి, క్లోరిన్ పోగొట్టే మందు వేసి, ఫిల్టర్ 24 గంటలూ నడిపించండి, హీటర్ ఉంటే 26–28 డిగ్రీల దగ్గర పెట్టండి. రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ ఉంటే అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, ఆ బ్యాక్టీరియాకి అదే తిండి. లేని చేపలకి మేత వేస్తుంటే ఇంట్లోవాళ్లు మనల్ని వింతగా చూస్తారు, పట్టించుకోవద్దు. తెలిసినవాళ్ల ఇంట్లో ఏ రోగం లేని పాత తొట్టె ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడగండి. ఎండిపోకుండా వాళ్ల తొట్టె నీళ్లలోనే తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే వారాల పని రోజుల్లో అయిపోవచ్చు. పాత నీళ్లు ఒక బకెట్ తెచ్చి పోస్తే చాలనుకుంటారు కొందరు, దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, ఎందుకంటే బ్యాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, అది అంటుకుని పెరిగే స్పాంజిలో, రాళ్లలో.

అయ్యిందో లేదో తెలియాలంటే టెస్ట్ కిట్ కావాలి. ఎల్ఈడీ లైట్లకి, ప్లాస్టిక్ నిధి పెట్టెలకి పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి. ముంచి తీసే కాగితం పట్టీల కన్నా చుక్కలు వేసే కిట్ నయం. చిన్న గాజు గొట్టంలో గీత దాకా తొట్టె నీళ్లు తీసుకుని, చెప్పినన్ని చుక్కలు వేసి, మూత పెట్టి బాగా ఊపి, కాసేపు ఆగి, పక్కన రంగుల కార్డు పెట్టి వెలుతురులో చూడాలి. అమ్మోనియా పరీక్షలో చాలా కిట్లకి పసుపు రంగు వస్తే సున్నా అని, ఆకుపచ్చ ఎక్కేకొద్దీ ప్రమాదం అని అర్థం. మొదటి వారాల్లో అమ్మోనియా పెరుగుతుంది, అది దిగుతుండగా నైట్రైట్ ఎక్కుతుంది, తర్వాత అదీ దిగిపోయి నైట్రేట్ కనిపిస్తుంది. రోజూ మేత పడుతున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా కొన్ని రోజులు సున్నా చూపిస్తుంటే తొట్టె సిద్ధమైనట్టే.

చేపల్ని ఇప్పటికే వదిలేశారా? టెన్షన్ వద్దు, కానీ నెలపాటు కాస్త కష్టపడాలి. రోజూ పరీక్ష చేయండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 పీపీఎం (పది లక్షల పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఉందో చెప్పే లెక్క) దాటితే 30 నుంచి 50 శాతం నీళ్లు మార్చండి, అవసరమైతే మర్నాడు మళ్లీ. మేత రోజు విడిచి రోజు, అదీ కొంచెమే. ఇంకో చేపని తేవాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నా, మొప్పలు ఎర్రబడినా, రెక్కలు ఒంటికి అతికించుకుని మూలన ఉండిపోయినా కిట్ తీసే దాకా కూడా ఆగక్కర్లేదు, ముందు సగం నీళ్లు మార్చి తర్వాత మిగతావి చూడండి. ఈ రోజుల్లోనే నీళ్లు ఒక్కోసారి పాలు కలిపినట్టు తెల్లగా అవుతాయి. అది వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, కొద్ది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది. దానికి భయపడి తొట్టె మొత్తం ఖాళీ చేసి కడిగారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

కుళాయి నీళ్ల సంగతి. అందులోని క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుంది, మనం పెంచుకుంటున్న బ్యాక్టీరియానీ చంపేస్తుంది. ఒక రోజు బకెట్‌లో పట్టి ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది అనే మాట నిజమే, కానీ కొన్నిచోట్ల నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలుపుతారు, అది అలా పోదు. యాంటీ క్లోరిన్ చుక్కలు వాడటమే మేలు. కొత్తగా పోసే నీళ్లు తొట్టె నీళ్లంత వెచ్చగానే ఉండాలి, చేత్తో ముట్టుకుంటే తేడా తెలియకూడదు.

చేపల్ని తెచ్చిన రోజు లైటు ఆపేయండి. కవర్‌ని విప్పకుండా 15–20 నిమిషాలు తొట్టెలో తేలనివ్వండి, తర్వాత విప్పి ఐదేసి నిమిషాలకి ఒక చిన్న కప్పు తొట్టె నీళ్లు అందులో పోస్తూ రండి. నాలుగైదు సార్లు అయ్యాక చేపని వలతో తీసి వదలండి, కవర్‌లో నీళ్లు మాత్రం తొట్టెలో పోయొద్దు, పారబోయండి. ఆ రోజుకి మేత వద్దు. మొదటి విడత మూడు నాలుగు చిన్న చేపలు చాలు, ఇంకో రెండు వారాలు పరీక్షలు సున్నా చూపిస్తే మరికొన్ని.

ఏ చేపలు అనేది మీ ఇష్టం, కాకపోతే అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. గోల్డ్ ఫిష్ వేలంత ఉందని ముచ్చటపడి చిన్న గాజు గిన్నెలో వేస్తారు, సరిగ్గా పెరిగితే అది జానెడు దాటుతుంది, పైగా మిగతావాటికన్నా చెత్త ఎక్కువ చేస్తుంది. అద్దాలు శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ ఫిష్ కూడా అడుగు పైనే పెరుగుతుంది. రెండు మగ బెట్టాల్ని (ఫైటర్ చేపల్ని) కలిపి ఉంచితే కొట్టుకు చస్తాయి. నియాన్ టెట్రాలు అందంగా ఉంటాయి గానీ కొత్త తొట్టెని తట్టుకోలేవు, రెండు మూడు నెలలు పోయాక ఆరేడింటిని గుంపుగా తెచ్చుకోండి. గప్పీలు అయితే మగవి మాత్రమే తెచ్చుకోమంటాను. ఆడ గప్పీ ఒక్కటే వచ్చినా, వచ్చేటప్పటికే కడుపుతో ఉండొచ్చు, మగది పక్కన లేకపోయినా నెలల తరబడి పిల్లలు పెడుతూనే ఉండగలదు.

ఇక మేత. చేపకి ఎప్పుడు చూసినా ఆకలేసినట్టే ఉంటుంది, మనం దగ్గరికెళ్తే చాలు అద్దానికొచ్చి తోక ఊపుతుంది, ఆ ముఖం చూసి జాలిపడ్డామో అయిపోయాం. రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత, రోజుకి ఒకసారి లేదా రెండుసార్లు, అంతే. వారంలో ఒక రోజు ఉపవాసం పెట్టినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకి ఏం కాదు. పిల్లలున్న ఇంట్లో అయితే మేత డబ్బా అందనంత ఎత్తులో పెట్టండి, ఒకరికి తెలియకుండా ఒకరు వేసేస్తారు.

శుభ్రం విషయంలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. రెండో నెలలో అన్నీ బాగున్నాయి, ఫిల్టర్ స్పాంజి మాత్రం గోధుమ రంగు జిగురుతో అసహ్యంగా ఉందని కుళాయి కింద పెట్టి, కొత్తదానిలా తెల్లబడేదాకా పిండి పిండి కడిగాను. అదే ఊపులో గులకరాళ్లు కూడా. మూడో రోజు పొద్దున చేపలన్నీ పైన గుటకలు వేస్తున్నాయి, సాయంత్రానికి రెండు పోయాయి. నేను అసహ్యించుకున్న ఆ జిగురే రెండు నెలలు కష్టపడి పెంచిన బ్యాక్టీరియా. ఇప్పుడు నేను చేసేది ఇది: వారానికి ఒకసారి హీటర్ ప్లగ్ తీసి, సైఫన్ గొట్టంతో రాళ్ల మధ్య మురికి లాగుతూ పాతిక శాతం నీళ్లు బకెట్‌లోకి తీస్తాను. నెలకో, నీళ్ల ధార సన్నబడినప్పుడో స్పాంజిని ఆ బకెట్ నీళ్లలోనే రెండుసార్లు నొక్కి వదిలి తిరిగి పెట్టేస్తాను. రంగు అలాగే ఉంటుంది, ఉండనివ్వండి. సబ్బు మాత్రం తొట్టె దరిదాపులకి రానివ్వొద్దు, చేతికి సబ్బు వాసన ఉన్నా కడుక్కుని ముట్టుకోండి. రాత్రిళ్లు సౌండ్ వస్తోందని ఫిల్టర్ ఆపేవాళ్లున్నారు, ఆక్సిజన్ అందక ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఆపొద్దు.

ఒకటి రెండు నెలల మధ్య అద్దాల మీద, రాళ్ల మీద తుప్పులాంటి గోధుమ పొర పట్టడం మొదలవుతుంది. కొత్త తొట్టెల్లో అది మామూలే, డయాటమ్ అనే నాచు, చేపలకి దానివల్ల హాని లేదు, చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. చూడ్డానికి బాలేదనిపిస్తే గాజు తొట్టె అయితే ఒక పాత ప్లాస్టిక్ కార్డుతో గీకండి, వచ్చేస్తుంది. లైటు రోజుకి 6–8 గంటలకి మించి వేయకుండా, తొట్టె మీద ఎండ పడకుండా చూసుకుంటే ఆ తర్వాత వచ్చే పచ్చ నాచుతో కూడా పెద్దగా గొడవ ఉండదు.