తెరచాప పడవ ఒడ్డుకెక్కే ముందు, తిరిగి నీళ్లలోకి దిగే ముందు

తెరచాప పడవ ఉన్నవాళ్లు భయపడేది తుఫానుకు. పడవ పాడయ్యేది మాత్రం ఎక్కువగా అది కదలకుండా పడి ఉన్నప్పుడు. చలిదేశాల్లో సీజన్ అయిపోయాక పడవను నెలల తరబడి ఒడ్డునే ఉంచుతారు. ఆ నెలల్లో ఎవరూ తొంగి చూడని మూలల్లో ఏం జరిగిందో తిరిగి నీళ్లలోకి దించిన రోజున గానీ బయటపడదు. చెక్కకు వార్నిష్ పట్టించడం సరదా పనే, పది మందీ మెచ్చుకుంటారు కూడా. కానీ ముందు చూడాల్సినవి నీటిమట్టానికి కింద ఉన్నవి, మన తల మీద వేలాడేవి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. గొట్టాల్లో ఎక్కడ కాసిని మిగిలినా అక్కడ పగులే. అన్నిటికంటే మోసం చేసేది సీకాక్, అంటే పడవ అడుగున గొట్టాలు బయటికి తెరుచుకునే చోట ఉండే వాల్వు. బాల్ వాల్వు రకమైతే, మూసినప్పుడు లోపలి గుండు రంధ్రంలో కొన్ని నీళ్లు చిక్కుకుపోతాయి. చలికి అవి ఉబ్బి వాల్వును సన్నగా చిట్లగొడతాయి, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. అందుకే పడవ నేల మీదికి వచ్చాక ప్రతి సీకాక్‌నూ నాలుగైదుసార్లు తిప్పి, సగం తెరిచి వదిలేయండి. ప్రతిదాని పక్కనా దాని సైజుకు సరిపోయే మెత్తటి చెక్క బిరడా ఒకటి కట్టి ఉంచండి. గొట్టం ఊడిన రోజున దాన్ని వెతుక్కునే తీరిక ఉండదు.

ఇంజన్ ఆయిల్ సీజన్ మొదట్లో కాదు, చివర్లో మార్చాలి. వాడిన ఆయిల్‌లో పేరుకున్న ఆమ్లాలు చలికాలమంతా లోపలి లోహాన్ని తింటూ ఉంటాయి. కూలింగ్ వైపు యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం, నింపండి. తాగే నీటి గొట్టాల్లో మాత్రం ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే వాడాలి. కార్లలో ఎక్కువగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పంపులో నీళ్లను తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్‌ను, తీసి ఇంజన్ తాళంచెవికే కట్టేయండి, లేదంటే ఎండలు మొదలవగానే ఆ ఉత్సాహంలో అది లేకుండానే స్టార్ట్ చేసేస్తారు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి నిండా ఛార్జ్ ఉంటే గట్టి చలిని కూడా తట్టుకుంటుంది. ఖాళీ అయినదైతే సున్నాకు కొద్ది డిగ్రీల కిందే గడ్డకట్టి పగులుతుంది. తెరచాపలను మంచినీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, కుట్లు చూసి లోపల పెట్టండి.

ఒడ్డున నిలబెట్టిన పడవ బరువంతా కీల్, అంటే పడవ అడుగున మధ్యలో ఉండే వెన్నుభాగం, మీద ఉండాలి. చుట్టూ ఉండే స్టాండ్లు పక్కకు ఒరగకుండా ఆపడానికే. ఎదురెదురు స్టాండ్లను గొలుసుతో కలిపి బిగించండి. పైన కప్పే టార్పాలిన్ తాడును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ స్టాండుకు కట్టకండి. గాలికి టార్పాలిన్ ఎగిరితే స్టాండును లాగేస్తుంది, పడవ పక్కకు పడిపోతుంది.

ఇక దించే ముందు పనులు. మాస్ట్‌ను, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలను వట్టి చేత్తో తడమకండి. గుడ్డతో కింది నుంచి పైకి తుడుచుకుంటూ వెళ్లండి. గుడ్డ పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక పోచ తెగినట్టే. ఒక్క పోచ తెగినా ఆ తీగ మార్చాల్సిందే, ఇందులో బేరాల్లేవు. మాస్ట్ ఎక్కేవారికి రెండు వేర్వేరు తాళ్లు ఉండాలి. మాస్ట్ నిలబెట్టి పడవను తరలించేటప్పుడు తల పైన కరెంటు తీగలున్నాయేమో చూడండి. అల్యూమినియం మాస్ట్ తగిలితే ప్రాణం పోతుంది.

అడుగున నాచు పట్టకుండా వేసే రంగులో సాధారణంగా రాగి ఉంటుంది. పాతది గీకేటప్పుడు మాస్క్ పెట్టుకుని తడిపి గీకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పడవలోని మిగతా లోహం బదులు తాము అరిగిపోయేలా అడుగున బిగించే జింక్ ముక్కలు సగం అరిగితే మార్చేయండి, వాటి మీద రంగు పడనివ్వకండి. రంగేస్తే అవి ఉండీ లేనట్టే.

క్రేన్ పడవను నీళ్లలో పెట్టాక పట్టీలు వెంటనే విప్పనివ్వకండి. వెనక వరుస కట్టిన పడవలవాళ్లు విసుక్కున్నా సరే. టార్చి పట్టుకుని లోపలికి దిగి ప్రతి సీకాక్ కిందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే మళ్లీ పైకి ఎత్తించండి.

ఇంజన్ ఆపేసి, తెరచాప గాలి నింపుకుని పడవ ఒక పక్కకు వాలి కదిలే ఆ మొదటి క్షణం కోసమే ఈ తిప్పలన్నీ. అయితే ఎండ కాస్తోంది కదా అని మోసపోవద్దు. నీళ్లు ఇంకా చలికాలంలోనే ఉంటాయి. చన్నీళ్లలో పడినవారికి మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి అదుపులో ఉండదు. గాలి నిండే రకం లైఫ్ జాకెట్ అయితే లోపలి సిలిండర్ వదులైందేమో బిగించి చూశాకే తొడుక్కోండి. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద దాని బలం నాలుగు రెట్లవుతుంది. తెరచాప తగ్గించాలా అన్న ఆలోచన వచ్చిన వెంటనే తగ్గించేయండి. వంట గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. వాడనప్పుడు గ్యాస్‌ను సిలిండర్ దగ్గరే ఆపేయండి.

ఆ మొదటి రోజున గంటకోసారి నేలపలక ఎత్తి అడుగు చూడండి. నీళ్లుంటే, సముద్రంలో తిరిగే పాతకాపులు వేలు ముంచి నాలుక్కి తాకిస్తారు. ఉప్పగా ఉంటే బయటి నుంచి వస్తున్నట్టు, చప్పగా ఉంటే తాగునీటి ట్యాంకు కారుతున్నట్టు.